అంచు మీద పేరు

స్పృహ తప్పిన మనిషిని క్లినిక్‌కి తెస్తే నేను మొదట చేసే పని పేరు పెట్టి పిలవడం. లేబర్ కార్డు చూసి, చెవి దగ్గర నోరు పెట్టి, గట్టిగా పిలుస్తాను. 2015 ఎండాకాలంలో ఒక గురువారం సైట్ నుంచి మోసుకొచ్చిన ఆయన ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు. కరీంనగర్ వైపు మనిషి, వయసు యాభై దాటి ఉంటుంది. ఒళ్ళు కాలిపోతోంది.

మా క్లినిక్ ఒమన్‌లోని బర్కాలో, కంపెనీ లేబర్ క్యాంప్‌ని ఆనుకునే ఉండేది. డాక్టర్ సెలైన్ పెట్టమని, ఐస్ పెట్టమని కేకలేస్తున్నాడు. ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడదామని ఆయన ఎడమ చెయ్యి తీసుకుంటే చూపుడువేలికి కొన లేదు. విసుక్కుని మధ్యవేలికి పెట్టాను. తడిబట్టలు లాగేస్తుంటే నడుముకి కట్టుకున్న గుడ్డసంచి ఊడి, అందులోంచి ఒక వెండి మెడల్ నేలమీద ఖంగుమని పడింది. పడటం పడటం, ఆయన వెంట వచ్చిన క్యాంప్ బాస్ బూట్ల దగ్గరే పడింది.

క్యాంప్ బాస్ దాన్ని తీసి తిప్పి చూశాడు. ఒమన్‌లోనే ఇంకో కంపెనీ తన పనివాళ్ళకిచ్చే లాంగ్ సర్వీస్ మెడల్ అది. పదిహేనేళ్ళ సేవకు గుర్తుగా అని ఒక పక్కన ఉంది. అంచు చుట్టూ చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో అందుకున్నవాడి పేరు చెక్కారు. మంచం మీదున్న మనిషి పేరు అది కాదు.

క్యాంప్‌లో అప్పటికే రెండు రూముల్లో పెట్టెలు పగలగొట్టి ఎవరో దొంగతనం చేశారు. క్యాంప్ బాస్ ఎవరు దొరుకుతారా అని చూస్తున్నాడు. సాయంత్రం పేషెంట్ కళ్ళు తెరవగానే మెడల్ మొహం ముందు పెట్టి హిందీలో అడిగాడు.

"ఎవరిదిది?"

"నాదే సాబ్."

"మరి దీనిమీద వేరే పేరెందుకుంది?"

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఆదివారం దాకా చూస్తా. తర్వాత పోలీస్ స్టేషనే," అన్నాడు క్యాంప్ బాస్.

నాకు నోరెక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. జబ్బు మనిషి మంచం దగ్గర ఈ దబాయింపేమిటని ఒళ్ళు మండింది. "దొంగతనమైతే పోగొట్టుకున్నవాడు ఎక్కడో ఒకచోట ఉండాలి కదా సార్. ముందు ఆ పేరుగలాయన్ని కనుక్కుందాం," అన్నాను. "కనుక్కో సిస్టర్, నీకు తీరికుంటే," అని నవ్వాడు. మెడల్ జేబులో వేసుకునే లోపల అంచు మీది పేరుని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాను.

మర్నాడు శుక్రవారం, మస్కట్‌లో మా తెలుగు ఆరాధన. ప్రసంగం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆరాధన అయ్యాక, ఆ కంపెనీలో ఎవరైనా పనిచేశారా అని టీ గ్లాసు పట్టుకుని కనబడినవాళ్ళందర్నీ అడిగాను. మా సంఘంలో పెద్దాయన, క్రేన్ ఆపరేటర్, ఫోటో దూరంగా పట్టుకుని చూసి కళ్ళు విప్పార్చాడు.

"ఈయనా! మాతోనే చేశాడమ్మా, పైపుల పరంజా కట్టే స్కాఫోల్డింగ్ గ్యాంగ్. కరీంనగర్ మనిషి, బంగారంలాంటోడు. నా కళ్ళముందే పైపుల మధ్య పడి ఎడం చెయ్యి చూపుడువేలు కొన ఊడిపోయింది పాపం. ఎక్కడున్నాడిప్పుడు?"

తెలీదండీ అన్నాను. అబద్ధం చర్చి గేటు దాటకముందే నోట్లోంచి వచ్చేసింది. బర్కా దాకా బస్సులో నాకు మధ్యవేలికి పెట్టిన క్లిప్పే గుర్తొచ్చింది.

క్లినిక్‌కి వెళ్ళి కర్టెన్ లాగి, "అన్నా, ఈ పేరు మీదే కదా?" అని అడిగాను. ఆయన కర్టెన్ వైపు చూసి గొంతు తగ్గించి చెప్పాడు.

"మా అక్క మొగని పేరు సిస్టరమ్మా. వీసా అచ్చినంక ఆయనకు జబ్బు జేసింది. ఏజెంటు ఆయన పాస్‌పోర్టుల నా ఫోటో పెట్టి తోలిండు. రెండేండ్లు చేసి పోదామనుకున్న, పదిహేనేండ్లయింది. వేలిముద్రలు తీస్తరంటె భయపడి ఇంటికి పోయిన. మల్ల నా పేరు మీదనే ఈ కంపెనీల కచ్చిన."

"మరి నాదని ఎందుకన్నారు?"

"నాదే గదమ్మా."

నాదంటే దొంగ పాస్‌పోర్టు కేసు, నాది కాదంటే దొంగతనం కేసు. ఆ పేరుగలాయన ఒక్కడే ఈ మనిషిని కాపాడగలడు. ఊరికి ఫోన్ కలిపాం. బావ సైకిల్ రిపేరు కొట్టు పెట్టుకుని ఊళ్ళోనే ఉంటున్నాడు, విమానం ఎక్కి ఎరగడు. సంగతంతా చెప్పి, ఒమన్‌లో చేసింది మీరేనని చెప్పాలి, క్యాంప్ బాస్ పని సంగతులు అడిగితే ఏం చెప్తారన్నాను.

"అడగనియ్యి అమ్మా. వాడు లీవుకు అచ్చినప్పుడల్ల అన్నీ చెప్పిండు. ఎన్నడన్న ఎవలన్న అడుగుతరేమోనని నేను మతిల పెట్టుకున్న."

క్యాంప్ బాస్‌ని పిలిచి ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. బావ వచ్చీరాని హిందీలో మొదలుపెట్టాడు. షినాస్ దగ్గర సముద్రంలో పని, తర్వాత నిజ్వా సైట్. ఎండకి పైపులు ముట్టుకుంటే కాలేవని చేతులకి గోనెగుడ్డ చుట్టుకునేవాళ్ళం. మెడల్ ఇచ్చిన రోజు బిర్యానీ పెట్టారు, మేనేజర్ చెయ్యి కలిపాడు. సముద్రం చూడని మనిషి ఉప్పుగాలి సంగతి కూడా చెప్తున్నాడు. క్యాంప్ బాస్ తల ఊపుతున్నాడు. నేను ఇక గండం గడిచిందనుకున్నాను.

"అక్కడనే సాబ్, పైపుల నడుమ పడి నా ఎడమ చెయ్యి వేలు..."

మంచం మీద ఎడమ చెయ్యి మెల్లగా దుప్పటి కిందికి పోయింది. నేను బీపీ మిషన్ పట్టుకుని ఇద్దరి మధ్యకి వెళ్ళి నిలబడ్డాను. "చాలు సార్, పేషెంట్‌కి బీపీ చూడాలి!" అని అరిచాను, అవసరానికి మించి. అవతల బావ ఒక్క క్షణం ఆగాడు. "వేలు నలిగింది సాబ్, మానింది," అన్నాడు.

"మరి నాదే అని ఎందుకన్నాడు?" అని క్యాంప్ బాస్ నన్నడిగాడు.

"ఎండదెబ్బ తగిలి ఇప్పుడే కళ్ళు తెరిచినవాడి మాట పట్టుకుంటారా?" అన్నాను.

ఆయన నన్ను పక్కకి తప్పుకోమని సైగ చేసి మెడల్ పైకెత్తాడు. "నువ్వు చెప్పు. ఇది నీదా?"

పేషెంట్ దానివంక చూశాడు. నేను మనసులో ప్రార్థన చేసుకున్నాను, నాదే అనకు నాయనా అని.

"కాదు సాబ్. మా బావది."

క్యాంప్ బాస్ మెడల్‌ని మందుల ట్రేలో పడేసి, లీవుకి వెళ్ళినప్పుడు ఇచ్చెయ్యమని చెప్పి వెళ్ళిపోయాడు. ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదు. "బామ్మర్దీ, తప్పు చెప్పిన్నా?" అని బావ గొంతు. "లేదు బావా, మంచిగ చెప్పినవ్," అని ఆయన మొహమ్మీదికి దుప్పటి లాక్కున్నాడు. నాకు ఎవరిమీదో తెలియని కోపంతో ఏడుపొచ్చింది.

కాసేపటికి దుప్పటి కింద ఊపిరి నెమ్మదించింది. మెడల్‌ని దూదితో తుడిచి, కిటికీ దగ్గర వెలుగులో పట్టుకుని అంచు మీది పేరు పైకే చదివాను.

"హాజర్, సాబ్," అన్నాడు వెనకనుంచి.

తిరిగి చూస్తే ఆయన గాఢనిద్రలో ఉన్నాడు.