గార్డు ఈలకు పడిన గోలు

డెబ్బైల తొలి ఏళ్లు. కోలారు బంగారు గనులు ప్రభుత్వం చేతికి వచ్చి చాలా కాలమైంది. నేను మారికుప్పం నుంచి బంగారుపేటకు పోయే రైలులో గార్డుని. గార్డు ఉండేది చివరి పెట్టెలో. దాన్ని బ్రేక్‌వాన్ అంటారు. సిగ్నల్ పడ్డాక మేము ఈల ఊది పచ్చజెండా ఊపితేనే డ్రైవరు బండి కదిలిస్తాడు.

దారిలో ఒక చిన్న స్టేషనుంది. ప్లాట్‌ఫామ్ పక్కనే గనుల ఆటమైదానం, ఒక గోలుపోస్టు సరిగ్గా స్టేషను వైపే ఉండేది. కామసముద్రం నుంచి పాలు తెచ్చే కుర్రాళ్లు కాలనీల్లో పాలు పోసేసి, ఊరికి తిరిగిపోయే సాయంత్రం బండి దాకా అక్కడే బంతి తన్నేవాళ్లు. నా ఈల వినబడగానే క్యాన్లు చేతబట్టుకొని పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చేవాళ్లు. "రోజూ ఇదే గోలనా అప్పా!" అని తిట్టేవాణ్ణి. ఒక్క రోజూ వాళ్ల కోసం బండి నిలపలేదు. నాకు టైమంటే టైమే.

ఆ ఏడు గనుల టోర్నమెంటులో వాళ్లూ పేరిచ్చారు. అందరూ నవ్వారు. నవ్వుతుండగానే ఫైనలుకు వచ్చేశారు! అవతలిది ఏటా కప్పు కొట్టే గనుల టీము. బూట్లు, మేజోళ్లు, ఆ దర్జాయే వేరు. మైదానం చూసుకునే సూపర్‌వైజరుకు ఒళ్లు మండింది. "గెలిస్తే ఎప్పుడైనా ఆడుకోండి. ఓడితే రేపట్నించి ఈడ కాలు పెట్టకూడదు" అన్నాడు. వాళ్లకు ఉన్నది ఆ ఒక్క మైదానమే.

ఫైనలు రోజు పొద్దున పాలవాళ్ల కెప్టెన్ మునెప్ప నా దగ్గరికొచ్చాడు. "సార్, ఈపొద్దు ఫైనలుండాది. సాయంత్రం బండి రవ్వంతసేపు నిలపండప్పా, ఆట ముగించుకొని ఎక్కేస్తాము."

"రైలేమన్నా మా మామ ఎద్దులబండి అనుకున్నావా? యాడ నిలిపేది? ఆఖరి బండికి రాండి."

"సరే సార్" అని తలొంచుకొని పోయాడు.

సాయంత్రం నా బండి వచ్చేసరికి ఆట ఆఖరికొచ్చింది. ఇంకా ఒక్క గోలూ పడలేదు. అంత పెద్ద టీమును ఈ పాలవాళ్లు నిలువరించారంటే నమ్మలేకపోయాను. బంతి మునెప్ప కాళ్ల దగ్గరుంది. చూస్తూ నిలబడాలని ప్రాణం కొట్టుకుంది, కానీ సిగ్నల్ పడింది. ఈల ఊదాను.

గనుల టీము టక్కున ఆగిపోయింది. రెఫరీ ఊదాడనుకున్నారు. స్టేషను వైపు పోస్టులో వాళ్ల గోల్‌కీపరు వంగి మేజోడు పైకి లాక్కుంటున్నాడు. పాలవాళ్లు మాత్రం ఆగలేదు. పదకొండు మందీ ఒక్కసారిగా స్టేషను వైపు దూసుకొచ్చారు! అబ్బ, ఏం పరుగది! మునెప్ప బంతితో సహా వచ్చి తన్నాడు. వల కదలడం చూశాను. అంతలో బండి కదిలి, గనుల మట్టి పోసిన సైనైడు దిబ్బ అడ్డమొచ్చింది. బంగారుపేట పోయి తిరిగొచ్చేదాకా నా మనసు మనసులో లేదు.

ఆఖరి బండికి వాళ్లు ప్లాట్‌ఫామ్ మీదే ఉన్నారు. పాల క్యానులోంచి కప్పు తొంగిచూస్తోంది.

"గోలిచ్చినారా?" అన్నాను.

"ఇచ్చినారు సార్. 'నేను ఊదలేదే, మీరెందుకు నిలిచినారు?' అని రెఫరీ వాళ్లనే అడిగినాడు."

"మరి మీరెందుకు నిలవలేదు?"

మునెప్ప పగలబడి నవ్వాడు. "మీ ఈల ఇంటే మాకు నిలిచేది యాడ తెలుసు సార్? బండి పోతాదని కాళ్లు వాటంతటవే లేచినాయి. గోలు పడినాకనే గుర్తొచ్చింది, ఈపొద్దు మేము ఎక్కేది ఆ బండి కాదని!"

సూపర్‌వైజరు మాట తప్పలేదు. పైగా తన ఆటగాళ్లనే పాలవాళ్లతో పరుగు నేర్చుకొమ్మని పంపాడు.

అప్పటిదాకా నా ఈల డ్రైవరు ఒక్కడికే అనుకునేవాణ్ణి. దాని వెనక ఎంతమంది ఎన్నేళ్లుగా పరుగెత్తుతున్నారో ఆ రోజు తెలిసింది. వాళ్లకు కోచ్ ఎవరని గనుల కాలనీల్లో అందరూ అడిగారు. ఎవరూ లేరు. నేను ఏనాడూ నిలపని ఆ రైలే వాళ్లకు ఆట నేర్పింది.