మృగం చుట్టూ మూడు చుట్లు

ఒక మాటను మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు మీరు దాన్ని పరీక్షించారా? నిజం చెప్పండి. హేతువాదినని చెప్పుకుని ఎన్నో సభల్లో వాదించిన నేను పరీక్షించలేదు.

2012లో కామారెడ్డిలో మా ఇంటి నుంచే ఒక చిన్న ఆన్‌లైన్ గేమ్ కంపెనీకి టెస్టర్‌గా పనిచేసేవాణ్ని. ఆటలో ఏది సరిగా నడవడం లేదో ఆడి కనిపెట్టి చెప్పడం నా పని. ఆ ఆటలో ప్రతి ఒక్కరూ ఒక ‘క్లాస్’, అంటే ఒక వృత్తి, ఎంచుకోవాలి. ‘టేమర్’ అనే క్లాస్ అడవి మృగాలను మచ్చిక చేసుకుని వాటితో యుద్ధం చేయిస్తుంది. కానీ మృగాలు లొంగేవి కావు. ఆడేవాళ్లు తగ్గిపోయారు. టేమర్‌ను బాగుచేయాలా, తీసేయాలా తేల్చమని కంపెనీ నన్ను అడిగింది. తీసేస్తే, మిగిలిన కొద్దిమంది పెంచుకున్న మృగాలన్నీ దానితోపాటే పోతాయి.

ఆ కొద్దిమందిలో ఒకాయన సాయన్న. ఎల్లారెడ్డిలో పశువుల దవాఖాన అటెండర్‌నని తనే రాసుకున్నాడు. రెండేళ్లుగా టేమర్‌గానే ఆడుతున్నాడు. ఆటగాళ్లందరూ చదివే ఫోరంలో ఆయన ఒక విన్నపం పెట్టాడు: మృగం చుట్టూ మూడు చుట్లు తిరిగి బటన్ నొక్కితే లొంగుతుంది, క్లాస్ తీసేయకండి అని.

నాకు ఒళ్లు మండింది. గుళ్లో ప్రదక్షిణలు చాలక కంప్యూటర్లోనూ మొదలుపెట్టారా అని అక్కడే రాశాను. కొబ్బరికాయ కూడా కొట్టమన్నాను. చదివినవాళ్లంతా నవ్వారు. సాయన్న ఒక్కటే జవాబిచ్చాడు: “సారు, ఒక్కపారి చూసి చెప్పుండ్రి.”

నేను చూడలేదు. తీసేయమని నివేదిక పంపాను. ఆయన ఆడటం మానేశాడు.

కంపెనీలో కోడ్ రాసే అమ్మాయి నా నివేదికకు ఆధారాలు అడిగింది. ఆధారమేదని ఇన్నేళ్లూ జనాన్ని నిలదీసిన నా దగ్గర ఒక్కటీ లేదు. అప్పుడు కూర్చుని, ఆటలో ఇరవైసార్లు మృగానికి ఎదురుగా నిలబడి, ఇరవైసార్లు చుట్టూ తిరిగి ప్రయత్నించాను. తిరిగినప్పుడు దాదాపు ప్రతిసారీ లొంగింది. ఆమె కోడ్ తెరిచి చూసింది. ప్రతి మృగానికీ కోపం అనే లెక్క ఒకటి ఉంది, తెరమీద కనిపించదు. మనిషి ఎదురుగా ఉన్నంతసేపూ అది తగ్గదు, చూపు నుంచి తప్పుకుంటేనే తగ్గుతుంది; మూడు చుట్లు తిరిగేసరికి చల్లారిపోతుంది. ఆ కోపాన్ని తెరమీద గీతగా చూపించాం, తగ్గే వేగం పెంచాం. నెల తిరక్కముందే ప్రతి జట్టూ తనకొక టేమర్ కావాలనసాగింది. కంపెనీ ఆ ఘనతను నా పేరున ప్రకటించింది. నేను ఊరుకున్నాను.

ఎగతాళి కన్నా ఆ ఊరుకోవడానికే ఎక్కువ సిగ్గుపడ్డాను. చివరికి ఎల్లారెడ్డి బస్సెక్కాను. దవాఖాన వరండాలో సాయన్న ఒక బర్రె కాలికి కట్టు కడుతున్నాడు. నేనెవరో చెప్పి, తప్పయిందన్నాను. మూడు చుట్ల సంగతి ఎలా తట్టిందని అడిగాను.

“ఎద్దుకు సూదియ్యాలంటే ముంగటికెల్లి పోతమా సారు? దాని కండ్లల్ల పడకుండ పక్కకెల్లి పోతం. గాడ గూడ గట్లనే చేసిన. దేవునికేం సంబంధం?”

ఆటలో ఆయన పెంచుకున్న మృగాలు భద్రంగా ఉన్నాయని చెప్పి, మళ్లీ ఆడమని బతిమాలాను. కట్టు మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: “నవ్వినప్పుడు అందరి ముంగట నవ్వితిరి. తప్పయిందని నాకొక్కనికే చెప్తున్రా?”

ఇంటికి రాగానే అదే ఫోరంలో, నా ఎగతాళి కిందే, కనిపెట్టింది సాయన్న అని, పరీక్షించకుండా వాగింది నేనని రాశాను. ఆయన తిరిగి రాలేదు. రావలసిన అవసరమూ ఆయనకు లేదు.

పశువును గమనించి, ఊహించి, ఆడి చూసుకున్న సాయన్నదే శాస్త్రీయ దృష్టి. నేను పీఠాధిపతిలా తీర్పు చెప్పాను. మీరూ ఎవరినో ఇలా నవ్వులపాలు చేసే ఉంటారు. చాటుగా క్షమాపణ చెప్పి తప్పించుకోకండి. ఏ నలుగురిలో నవ్వారో ఆ నలుగురినీ పిలిచి, వాళ్ల ముందే తప్పు ఒప్పుకోండి. ఇవాళే.