'రన్'కి నేను కల్పించిన పుట్టుక

కోనసీమ జిల్లా ఏర్పడిన మరుసటి ఏప్రిల్‌లో, ఇంటర్ ఇంగ్లీషు పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కి నన్ను అమలాపురంలో చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు. నా కింద ఐదుగురు అసిస్టెంట్ ఎగ్జామినర్లు. వాళ్ళు దిద్దినవాటిలో కొన్నిటిని మళ్ళీ చూడడం, కాపీ అనుమానం ఉన్నవాటి మీద సంతకం పెట్టి క్యాంపు ఆఫీసరుకు పంపడం నా పని. సొంత జిల్లా పేపర్లు మాకు ఇవ్వరు.

మూడో రోజు, వాళ్ళలో ఒకరు, ఐనవిల్లి నుంచి వచ్చే సుబ్బలక్ష్మిగారు, ఒక కట్ట తెచ్చి నా ముందు పెట్టారు. 'రన్' అనే క్రియకున్న నాలుగు అర్థాలను సొంత వాక్యాల్లో చూపించమన్న ప్రశ్న.

"పంతొమ్మిది మందీ ఒకటే రాసేరండీ, కామాలతో సహా" అన్నారు.

ఇలాంటి విషయాల్లో నాకు జాలి తక్కువ. అన్నీ కాపీ కింద పంపేద్దామని కలం మూత తీశాను. పంపితే ఫలితాలు ఆగిపోతాయి, పిల్లలకు ఏడాది పోతుంది. అది తెలిసే తీశాను. సంతకానికి ముందు మాత్రం ఒక పేపరు చదివాను. మొదటి వాక్యంలో కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు నడుస్తోంది. ఎక్కడో పరాయి జిల్లా పిల్లలకు మన గోదావరి దాటించే పంటుతో ఏం పని? చివర్లో, ఎవరూ అడక్కపోయినా, 'రన్' అనే మాట పిండి విసిరే నీటిమర చప్పుడు నుంచి పుట్టిందని రాసి ఉంది.

అది నా మాటే. ముప్పై ఏళ్ళ క్రితం పి.గన్నవరం కాలేజీలో నేను పాఠం చెబుతుంటే ఒకమ్మాయి లేచి, ఈ మాట ఎలా పుట్టిందని అడిగింది. తెలియదనడానికి నామోషీ అనిపించి, అక్కడికక్కడే అల్లి, నోట్సులో రాయించాను కూడా. తర్వాత నిఘంటువు చూస్తే నీటిమరకూ దానికీ ఏ సంబంధమూ లేదు. నీరు పారడానికీ, మనిషి పరుగెత్తడానికీ ఇంగ్లీషువాళ్ళు అనాదిగా వాడుతున్న మాట అది. అయినా క్లాసులో దిద్దుకోలేదు. ఆ నోట్సు జిరాక్సుల మీద జిరాక్సులై ఎక్కడెక్కడ తిరిగిందో, ఎవరు బట్టీ పట్టించారో!

సుబ్బలక్ష్మిగారిని ఇంకో పేపరు తీసి పట్టుకోమని, దాన్ని చూడకుండానే మిగతా వాక్యాలు అప్పజెప్పాను. కుళాయిలో నీళ్ళు, దుకాణం నడిపే మామయ్య, బస్సు కోసం పరుగెత్తే అమ్మాయి. వేలు పెట్టి సరిచూసుకుంటున్న ఆవిడ చివరికొచ్చేసరికి పేపరు బల్ల మీద పెట్టేశారు.

"పిల్లలు చూసి రాయలేదండీ, బట్టీ పట్టి రాశారు. ఇది నా నోట్సు. ఆ నీటిమర నేను కల్పించిందే" అన్నాను.

అదంతా కాగితం మీద రాసి, సంతకం పెట్టి క్యాంపు ఆఫీసరుకు ఇచ్చాను. ఆయన దాన్ని రెండుసార్లు చదివారు. తర్వాత పేపర్లు మామూలుగానే దిద్దమన్నారు.

అప్పటికి నాకు మిగిలిన సర్వీసు పది నెలలు. తెలియనిది తెలియదని క్లాసులో చెప్పడం ఆ పది నెలల్లోనే నేర్చుకున్నాను. అలా అన్నందుకు ఒక్కరు కూడా నవ్వలేదు.