కొత్త కిటికీలో కనిపించని గొట్టాలు

ఆయన్ని ఆఫీసులో డేగకళ్ళాయన అంటారు. ఎదురుపడితే మాత్రం మాస్టారు. టీ కప్పుతో ఎవరైనా వెనక నిలబడితే చాలు, కుర్చీ జరిపి కంప్యూటర్ తెరని వీపుతో మూసేస్తాడు. ఇంట్లో పాలు విరిగితే ముందు పాలవాణ్ణి పిలిపించమంటాడు. "మా పెళ్ళి ఫొటో చూడండి, కెమెరా వాణ్ణి కూడా ఎలా గుడ్లురిమి చూస్తున్నాడో" అని భార్య అందరికీ చెప్పి నవ్విస్తుంది. ఆయనకి నవ్వు రాదు.

చెయ్యి మాత్రం బంగారం. భవనాల ప్లాన్లు బల్ల మీద ఇంకుతో గీసే రోజుల్లో గోడలకొక పల్చటి కాగితం, గొట్టాలకొకటి, కరెంటు తీగలకొకటి గీసి ఒకదాని మీదొకటి పరిచేవాడు. ఇప్పుడు కంప్యూటర్లో వాటినే లేయర్లంటున్నారు. బొమ్మ ఒక్కటే. ప్రింటు తీసే షీటు మీద దాన్ని చూపించడానికి కిటికీల్లాంటి వ్యూపోర్టులు ఎన్నయినా తెరుచుకోవచ్చు. ఏ కిటికీలో ఏ లేయర్ కనపడాలో, ఏది దాగాలో వేటికవే విడిగా చెప్పుకోవచ్చు.

ఆ షీట్లు కూర్చే పని అల్లుడిది. ఉద్యోగం ఇప్పించింది మామగారే. ఇప్పించిన మర్నాటి నుంచే, వీడు ఇంత వినయంగా ఎందుకుంటున్నాడని అనుమానం మొదలైంది.

ఆసుపత్రి పని వచ్చింది. ఆక్సిజన్ గొట్టాలు మాస్టారు గీశాడు. వార్డుల్ని పెద్దగా చూపించడానికి అల్లుడు కొత్త వ్యూపోర్టు తెరిస్తే, గోడలున్నాయి, మంచాలున్నాయి, గొట్టాలు లేవు.

"మామయ్యా, మీ గొట్టాలు కనపడ్డం లేదండీ."

"నేను గీశాను. కనపడకపోవడం నీ చేతి పనే."

మాస్టారే కూర్చుని ఆ కిటికీలో లేయర్ కనిపించేలా చేశాడు. తర్వాతి షీటులో మళ్ళీ మాయం. ఆ తర్వాతి దాంట్లోనూ అంతే. ఇంక ఆయనకి కంటి మీద కునుకు లేదు. ముసలాడికి మతి పోయిందని ఆఫీసు నడిపే సారు చేత అనిపించి, తన కుర్చీకే ఎసరు పెడుతున్నాడు అల్లుడు! కూతురు ఫోన్లో ముక్తసరిగా మాట్లాడినా, ఇద్దరూ కూడబలుక్కున్నారనే అనిపించింది. తన బిడ్డని తనే అనుమానిస్తున్నందుకు బాధేసింది కానీ, అనుమానం మాత్రం పోలేదు.

చివరికి సారు గదిలోకి వెళ్ళి చెప్పేశాడు. "గొట్టాలు మాయమవడం పొరపాటు కాదండీ. మా అల్లుడు కావాలనే చేస్తున్నాడు."

సారు మొహం చిట్లించాడు. "ఆసుపత్రి పనిలో ఇలాంటి వేషాలా? సాయంత్రంలోగా రుజువు చూపించండి మాస్టారూ. అతన్ని ఇవాళే ఉద్యోగంలోంచి పంపించేస్తాను."

మాస్టారు రుజువు కోసం కూర్చున్నాడు. అల్లుడి చెయ్యి పడని ఖాళీ షీటు తీసి, తనే కొత్త వ్యూపోర్టు తెరిచాడు. గోడలొచ్చాయి, మంచాలొచ్చాయి. గొట్టాలు రాలేదు.

లేయర్ల పట్టిక తీశాడు. ఆక్సిజన్ లేయర్ పక్కన, కొత్తగా తెరిచే ఏ వ్యూపోర్టులోనూ ఇది కనపడకూడదని చెప్పే గుర్తు పెట్టి ఉంది. ఆ లేయర్ని ఆయన తప్ప ఇంకెవరూ ముట్టుకోలేదు. పని మొదలైన రోజున, తన గీతల మీద ఎవడైనా కొత్త కిటికీ తెరిచి, గీసింది వాడేనని చెప్పుకుంటాడేమోనని, తనే పెట్టుకున్న కాపలా అది. ఆ తర్వాత పనిలో పడి మర్చిపోయాడు.

వెనక అల్లుడు నిలబడి ఉన్నాడు. ఈసారి తెరని మూయడానికి మాస్టారికి వీపు కదల్లేదు.

"చూశారా మామయ్యా," అన్నాడతను నెమ్మదిగా.

"నీకు తెలుసా?"

"మొన్ననే చూశానండీ."

"మరి చెప్పలేదేం? ఇవాళ నీ ఉద్యోగం పోయేది!"

"చెబితే నమ్ముండేవారా?"

నమ్ముండేవాణ్ణనే అనబోయాడు. కానీ మొన్న ఈ మాట వింటే, ఆ గుర్తు కూడా వీడే పెట్టి తన మీదకి తోస్తున్నాడని సారు దగ్గరికి పరిగెత్తేవాడు. ఆ సంగతి ఈ కుర్రాడికి తెలుసు. బహుశా కూతురికీ తెలుసు. ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరెవరు ఎన్నెన్ని మాటలు ఇలాగే మింగేసుకున్నారో!

మాస్టారు లేచి సారు గది వైపు నడిచాడు. తలుపు దగ్గర ఆగి, "నువ్వూ రా," అన్నాడు అల్లుడితో. "నేను చెప్పేదాంట్లో ఏదైనా దాస్తే, అక్కడే చెప్పెయ్."