గాజు కిటికీ చిప్

చిప్ ప్రోగ్రామర్ అనే పెట్టె కొంటానని నేను చెప్పిన రోజు అన్నయ్య సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి మరీ నవ్వాడు. షాపులో ఇద్దరు కస్టమర్లు ఉన్నారు. వాళ్లకీ వినబడాలని గొంతు పెంచాడు.

“మా సెల్లి ఇంజినీరయిపోనాదండీ. డిగ్రీ తప్పింది గాని, సిప్పులు రాసేస్తాదట!”

వాళ్లు మొహమాటానికి నవ్వారు. నేను తల వంచుకుని రిమోట్ బటన్లు తుడుస్తూ కూర్చున్నాను. ఆ షాపులో నాకు అలవాటైన పని అదే.

విజయనగరంలో అన్నయ్యకి టీవీ రిపేరు షాపు ఉండేది. గోడకి తగిలించే పలచటి టీవీలు వచ్చాక ఆ పని పడిపోయింది. బతుకుతెరువుకి నీళ్ల ఫిల్టర్లు బాగుచెయ్యడం మొదలుపెట్టాడు. డిప్లొమా చదివినవాడు ఫిల్టర్ల బురద కడగడమేమిటని ఆ కోపమంతా నా మీద, అమ్మ మీద చూపించేవాడు.

అలాంటి రోజుల్లో ఒకాయన తన చిన్ననాటి టీవీ గేమ్ పట్టుకొచ్చాడు. మెషిన్ బాగానే ఉంది, గేమ్ క్యాసెట్టు చచ్చిపోయింది. “ఇలాంటివి కొత్తగా చేసిచ్చేవాళ్లు దొరకడం లేదండీ. నాలాంటివాళ్లు చాలామంది వెతుకుతున్నారు,” అన్నాడు. ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. ఇంటర్నెట్‌లో చదవగా చదవగా అర్థమైంది. క్యాసెట్టు లోపల ఉండేది ఒక చిప్. ఖాళీ చిప్‌లోకి గేమ్‌ని రాసే పెట్టె ఒకటి ఉంటే కొత్త క్యాసెట్టు మనమే చేసుకోవచ్చు. ఆ పెట్టెనే ప్రోగ్రామర్ అంటారు.

మంచి కంపెనీ ప్రోగ్రామర్ ధర చూసి కంప్యూటర్ కట్టేశాను. మనమే సొంతంగా తయారు చేసుకోగల బోర్డు ఒకటుంది గానీ, దానికి పాత కంప్యూటర్లకుండే వెడల్పాటి ప్రింటర్ పోర్టు కావాలి. నా ల్యాప్‌టాప్‌కి అది లేదు. మరీ చవకైనదొకటి కొత్తరకం చిప్‌లని మాత్రమే ముట్టుకుంటుంది. చివరికి యూఎస్‌బీ వైరుతో, చిప్‌ని బిగించడానికి చిన్న లివర్ ఉన్న పెట్టె ఒకటి నచ్చింది. మరీ పాత చిప్‌ల మీద రాయడానికి దాని వోల్టేజీ చాలదు. అయినా వాటిని చదవగలదు. నాకు ముఖ్యంగా కావలసింది ఆ చదవడమే.

ఎందుకంటే మా ఇంట్లో ఒక పాత చిప్ ఉంది. డిప్లొమా చదివే రోజుల్లో అన్నయ్య ఒక విమానాల గేమ్ తీసుకుని అందులో బొమ్మలు మార్చేశాడు. విమానం తెప్ప అయింది. మబ్బులు అలలయ్యాయి. తెప్ప మీద తలకి తువ్వాలు చుట్టుకున్న మనిషి మా నాన్న. భోగాపురం వైపు ఒడ్డున చేపల వేటకెళ్లే నాన్న తనని తాను టీవీలో చూసుకుని “నానేనేట్రా ఇది!” అని పగలబడి నవ్వాడు. నాన్న పోయాక ఆ క్యాసెట్టుని ఎవరూ పెట్టలేదు. దాని చిప్‌కి నడినెత్తిన గాజు కిటికీ ఉంటుంది. ఎండలో ఉండే అల్ట్రావయొలెట్ కిరణాలు ఆ గాజులోంచి పడితే లోపల రాసిందంతా చెరిగిపోతుంది. అందుకే దానిమీద కాగితం అంటిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ లోపల రాసింది దానంతటదే కూడా వెలిసిపోవచ్చని చదివాక నాకు తొందర పుట్టింది.

కొరియర్ వచ్చింది. మొదట కొత్త చిప్ బిగించి ఒక గేమ్ రాశాను. క్యాసెట్టులో పెడితే టీవీ మీద ఆడింది. అన్నయ్య చూశాడు. ఆ టీవీ గేమ్ ఆయన వచ్చి ఆడి చూసుకుని, “షాపులో ఇంత పనిమంతులున్నారని తెలీదే,” అని నావైపు చూసి అన్నాడు. అన్నయ్య అక్కడే ఫిల్టర్ మూత బిగిస్తున్నాడు.

మర్నాడు అడిగాను. “అన్నియ్యా, నీ గేమ్ చిప్ ఒకసారి ఇయ్యవా? కాపీ తీసి దాస్తాను.”

“సాయంత్రం ఇస్తాలే,” అన్నాడు. అంత మెత్తగా ఆయన నాతో మాట్లాడి ఏళ్లయింది. నాకు సంతోషం కూడా వేసింది.

సాయంత్రం తనే తెచ్చిచ్చాడు. చిప్ మీద నల్లటేపు శుభ్రంగా అంటించి ఉంది. లివర్ వేసి చదివించాను. ల్యాప్‌టాప్ తెర నిండా ఇంగ్లీషు ఎఫ్‌లు. ఒక్క అంకె కూడా లేదు. ఖాళీ చిప్ చదివినా, చిప్ కాళ్లు పెట్టెకి సరిగా తగలకపోయినా అలాగే వస్తుంది.

“సవక సరుకు,” అన్నాడు అన్నయ్య నా భుజం మీంచి చూసి. “నీలాంటిదే. పైకి లైటు ఎలుగుతాది, లోపల ఏటీ ఉండదు.”

పెట్టెదే తప్పని నమ్మాను. చిప్ కాళ్లు పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. తీసి పెట్టాను, పెట్టి తీశాను. సాఫ్ట్‌వేర్ మార్చాను. అమ్మినవాడికి కోపంగా మెయిల్ రాశాను. అన్నయ్య టీ తాగుతూ చూసేవాడు. “ఇంకా గట్టిగా రుద్దే, వస్తాది,” అనేవాడు. వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించి, “పోన రోగికి సెలైన్ ఎడతంది,” అని నవ్వించేవాడు.

కొన్నాళ్లకి తుక్కు డబ్బాలో అలాంటి కిటికీ చిప్ ఇంకొకటి దొరికింది. అదే పెట్టెలో బిగిస్తే చక్కగా చదివింది. మళ్లీ చదివించినా అంతే.

“పెట్టె బాగానే ఉన్నాది అన్నియ్యా. చిప్పే ఖాళీ అయిపోయింది,” అన్నాను.

ఫిల్టర్ కోసం కూర్చున్న కస్టమర్ ముందే, చేతిలో పని ఆపకుండా చెప్పాడు. “ఇన్నాల్లు పట్టిందేటే తెలవడానికి? నీల్ల ఫిల్టర్‌లో పురుగులు సంపే ఊదా లైటు ఉంటాది కదా, కాగితం పీకి దాని కింద ఎట్టేసినాను. బోయినం సేసి వచ్చీసరికి అయిపోనాది.”

“ఎందుకు?”

“నాది. నా సేతుల్తో సేసినాను. నువ్వు దాన్ని కాపీ కొట్టి, నీదని ఊరంతా సూపించుకుంటావేటి?”

“నీదేనని చెప్పేదాన్ని కదా.”

“అక్కర్నేదు.”

నేను మెయిల్ రాస్తున్నప్పుడు, రబ్బరుతో రుద్దుతున్నప్పుడు, పక్కనే కూర్చుని ఉన్నాడు ఆయన. చిప్ పోయినదానికన్నా అదే ఎక్కువ గుచ్చుకుంది. ఆయన మొహంలో పశ్చాత్తాపం కోసం వెతికాను. ఆకలేస్తున్నవాడి మొహంలా ఉంది, అంతే. కస్టమర్‌కి ఫిల్టర్ అప్పజెప్పి, దాన్ని ఎలా కడుక్కోవాలో ఓపిగ్గా వివరించాడు.

ఇంటికెళ్లి అమ్మకి చెప్పాను. అమ్మ ఎండుచేపలు గంపలోకి సర్దుతోంది. తలెత్తలేదు.

“మనిసే పోనాడు. బొమ్మ పోతే ఏటే?” అంది. గంప పక్కకి జరిపి, “ఆడికి అన్నం ఎట్టు, ఏలయిపోనాది,” అంది.

పెట్టాను. కూర బాగోలేదన్నాడు.

ఆ నెలలోనే అదే వీధిలో, షాపుకి ఎదురుగా మేడమీద చిన్న గది తీసుకుని నా సామాను మార్చుకున్నాను. క్యాసెట్ల కోసం అడిగేవాళ్లు పెరిగారు. బయటి ఊళ్లవాళ్లు ఎక్కువ. గుర్తుకి టీవీ షాపు చెబుతాను కాబట్టి ముందు అక్కడే ఆగి అడుగుతారు.

“అలాటి ఆడమనిసి ఈ ఈదిలో ఎవలూ నేరండీ,” అంటాడు అన్నయ్య.

వాళ్లు రోడ్డు మీద నిలబడి ఫోన్ చేస్తారు. నేను కిటికీలోంచి వంగి, ఇక్కడండీ, పైకి రండి అని గట్టిగా పిలుస్తాను. అన్నయ్య మాత్రం తల తిప్పడు. షట్టర్ సగానికి దించి, రిపేరుకొచ్చిన టీవీ సౌండు పెంచుకుంటాడు.