రంగు వేసిన షట్టర్లు

తాళాలు బాగుచేసే అత్తకు ఏదైనా ఎలా పనిచేస్తుందో తెలిసేదాకా కాలు నిలవదు. కష్టాల్లో ఉన్న ఒక వీధిని ఎంచి బాగుచేస్తామని మున్సిపాలిటీ చెప్పినప్పుడూ అంతే. తమ వీధి ఎంపికైతే ఇళ్లలోకి పొంగే మురుక్కాలవ బాగుపడుతుంది. కానీ ఎలా ఎంచుతారు? సర్వే ఆఫీసరు రాగానే ఆయన వెంటపడి అడిగింది.

"మూతపడ్డ దుకాణాలు చూస్తామమ్మా. అవి ఎక్కువుంటే అవకాశం ఎక్కువ. మీ వీధి కళకళలాడుతోందిగా!" అన్నాడాయన.

అత్త షట్టర్ల వైపు చూసింది. ఆఫీసరు వస్తున్నాడని వీధివాళ్లంతా కలిసి నిన్ననే మూతపడ్డ దుకాణాల షట్టర్లకు రంగులేశారు. భోజనానికి మూశారని ఆయన అనుకున్నాడు.

"రండి, తెరిచి చూపిస్తా," అంది. దుకాణాలు ఎత్తేసినవాళ్లు తాళంచెవులు ఆమెకే అప్పగించి వెళ్లారు.

ఎదురింటి దర్జీ అడ్డొచ్చాడు. "వదినా, వీధి పరువు తీస్తావా?"

"పరువుంటే కాలవ పారుతుందా మరిదీ? తప్పుకో!"

షట్టరు లేచింది. లోపల ఖాళీ అరలు, ఊడిపడిన కప్పు పెచ్చులు. ఆఫీసరు తల లోపలికి పెట్టి చూసి, "ఇలాంటివి ఇంకా ఉన్నాయా?" అన్నాడు.

దర్జీ తల గోక్కున్నాడు. "ఆ నీలం షట్టరూ అంతేనండీ. రంగు మాత్రం బాగా కుదిరింది కదా?"