నేను బిగించిన స్ట్రింగ్

మా అబ్బాయి ఫుట్‌బాల్ క్లబ్బులో జీతానికి ఆడేవాడు. లాక్‌డౌన్‌లో బంతి మూలన పడేసి నాకు అక్షరాలు దిద్దించాడు. పొద్దున్నే అంబత్తూరులోని మా ఇంట్లో కాసేపు గెంతేవాడు. కింది వాటా ఆయన చీపురు కర్రతో తన పైకప్పును పొడవగానే ఆపేసేవాడు. మిగతా పొద్దంతా తిండి, నిద్ర, నా పలక.

క్లబ్బు మళ్లీ తెరిచారు. ఆ రోజు వాడు ఫోన్లో తోటి ఆటగాడితో అంటున్నాడు:

"క్లబ్బుకు పోయినోళ్లంతా కుంటుకుంటా వస్తుండారంట. అందరికీ హ్యామ్‌స్ట్రింగే. ఇన్నాళ్లు కూర్చోని ఒక్కసారిగా పరిగెత్తితే తెగదా? నాకూ బిగుసుకున్నట్టే ఉండాది. రేపు పరుగు పరీక్షలో తెగిందంటే కాంట్రాక్టు పోయినట్టే."

నా చెవికి అది హెమ్ స్ట్రింగని వినపడింది. బట్టల ఎక్స్‌పోర్టు కంపెనీలో నేను ఏళ్ల తరబడి చేసింది ఆ పనే. నిక్కరు నడుము దగ్గర మడిచి కుట్టిన అంచును మా సూపర్వైజరమ్మ హెమ్ అనేది. అందులో పిన్నీసుతో దూర్చే నాడా స్ట్రింగ్. ఇంట్లో కూర్చుని తిని నడుములు లావైతే నాడాలు తెగవా మరి? నాడా తెగితే కుంటడమెందుకని ఒక్క క్షణం అనుమానమొచ్చింది. జారే నిక్కరు పట్టుకుని పరిగెత్తేవాడు కుంటక ఏం చేస్తాడని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

వాడి నిక్కర్లోని నాడా లాగేసి, బట్టలారేసే నైలాన్ తాడు ఎక్కించాను. పొద్దున ముడి కూడా నేనే వేశాను.

"ఏందిమా ఇది, ఊపిరాడటం లేదు."

"ఊపిరి సాయంత్రం పీల్చుకుందువులే. తెగకూడదు, అంతే."

"ఏది తెగకూడదు?"

"పోరా, ఆలస్యమైతా ఉంది."

ఆడ జరిగింది సాయంత్రం వాడే చెప్పాడు. పరుగుకు ముందు ఫిజియో ఒక్కొక్కరికి తొడ వెనక, పిరుదు దాకా టేపు వేస్తున్నాడు. టేపు లేనిదే పరిగెత్తనివ్వరు. వీడి వంతు వచ్చింది. నిక్కరు దించుదామంటే ముడి ఊడలేదు. ఫిజియో లాగాడు. గోల్‌కీపరు పళ్లతో పట్టి చూశాడు. టేపు కోసే కత్తెర తాడు మీద జారింది. కోచ్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎవర్రా కట్టింది?"

"మా అమ్మ సార్."

"దేనికి?"

"తెగకూడదంట సార్."

ఈలోపు మైదానంలో ఒకడు తొడ పట్టుకుని కూలబడ్డాడు. వాణ్ణి లేపడానికి పోయినవాడు కూడా కూలబడ్డాడు. కోచ్ విజిల్ ఊది పరీక్ష ఆపేశాడు. మొదట నడక, ఆ తర్వాతే మెల్లగా పరుగు అన్నాడట. నాడా ఎందుకు మార్చానో నేనప్పుడు చెప్పాను.

"ఇదిమా హ్యామ్‌స్ట్రింగ్," అంటూ వాడు తొడ వెనక చెయ్యి పెట్టి చూపించాడు.

"కండకి స్ట్రింగని ఎవడ్రా పేరు పెట్టింది?"

"నన్నడిగితే?"

పలక మీద రాయమన్నాను. రాశాడు. నేను చదువుతూ 'స్ట్రిం' దగ్గర ఆగి, "ఒక్క అక్షరానికి ఇన్ని వేలాడదీస్తే తెగక ఏం చేస్తాది?" అన్నాను.

మొదటి మ్యాచ్‌లో వాడు చివరిదాకా ఆడాడు, కాంట్రాక్టు నిలిచింది. ఆ పొద్దు బయల్దేరేముందు మాత్రం, గడపలో నిలబడి చొక్కా పైకెత్తి నాకు నడుము చూపించాడు. జారుముడి.